మరియొకనికొరకు చేసిన చేవ్రాలు

ఒక ఆదివారపు సాయంకాల ఆరాధన ముగిసిన తరువాత, జంషెడ్‌పూర్‌లోని మా తెలుగు సంఘమునకు చెందిన ఒక విధవరాలు గుమ్మమునొద్ద నాకొరకు కనిపెట్టుకొని యుండెను. ఇది జరిగి ఇరువది సంవత్సరములు కావచ్చినది. ఆమె కుమారుడు పాత ఇనుము దొంగతనపు కేసులో పట్టుబడి ఘాఘీడీహ్ జైలులో నుండెను. అతనికి బెయిలు దొరికినది. ఆ ఉత్తరువు ఆమె చేతిలోనే యున్నది: పదివేల రూపాయల బాండు, అంతే మొత్తమునకు ఇద్దరు జామీనుదారులు, వారిలో ఒకరు ఈ జిల్లాలో భూమి గలవారై యుండవలెను. ఉత్తరువు వచ్చి పదునెనిమిది దినములు గడిచినను కుమారుడు ఇల్లు చేరలేదు. ఏలయనగా ఆ ఇద్దరు మనుష్యులు దొరకలేదు.

"అయ్యగారూ, డబ్బులు అడగటం లేదు. ఒక్క సంతకం పెట్టండి" అని ఆమె అడిగెను.

నేనప్పటికే వేదాంత పట్టములు పొందినవాడను. లేఖనముల తర్జుమా పనిలో దినములు గడుపుచున్నవాడను. సామెతల గ్రంథము ఆరవ అధ్యాయము నా నాలుక చివరనే యుండెను. పొరుగువానికొరకు పూటపడువాడు తన మాటలచేతనే తాను ఉరిలో పడుననియు, అట్టివాడు నిద్ర మాని తప్పించుకొనవలెననియు జ్ఞాని చెప్పిన సంగతి ఆమెకు మృదువుగానే వివరించితిని. ఆమె ఓపికతో ఆలకించెను. "ఆ మాటలు రాసిన రాజుగారి కొడుకు ఎప్పుడూ జైలుకు పోలేదు కదా అయ్యగారూ" అని మాత్రము చెప్పి వెళ్లిపోయెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే అది నన్ను నేటివరకు విడువలేదు.

ప్రియ పాఠకులారా, విశ్వాసి మరియొకనికొరకు జామీను ఉండవచ్చునా అను ప్రశ్న మన సంఘములలో ప్రసంగవేదికమీద అరుదుగా వినబడును గాని, పాదిరిగారి ఇంటి వరండాలో తరచుగా వినబడుచున్నది. దీనికి లేఖనమునుండి ఒక వచనము తీసి జవాబు చెప్పుట సుళువు. నేను ఆ సుళువైన పని చేసినవాడను గనుక దీనినిగూర్చి వ్రాయుచున్నాను.

మొదట ఈ బాండు అనునది ఏమో తెలిసికొనవలెను. మనవారిలో అనేకులు దీనిని అప్పునకు హామీవంటిదని తలంచుచున్నారు. మరికొందరు, సంతకము చేసినవాడు నిందితుడు నిర్దోషియని ప్రమాణము చేసినట్లేయని భయపడుదురు. రెండును పొరపాట్లే. నిందితుడు తాను వాయిదాలకు హాజరగుదునని వ్రాసి యిచ్చు ముచ్చలిక యొకటి. అతడు హాజరగునట్లు తాను పూచీపడుచున్నానని జామీనుదారు వ్రాసి యిచ్చు బాండు మరియొకటి. ఆ దినమున జామీనుదారు బాండు మొత్తమును కోర్టులో కట్టనక్కరలేదు. తనకు అంతపాటి ఆస్తి యున్నదని చూపుటకు శిస్తు రసీదో, బండి కాగితములో, బ్యాంకు డిపాజిట్టు పత్రమో, జీతపు చీటీయో చూపును. ఇంతకుముందు తాను ఎందరికి జామీను ఉన్నదియు ప్రమాణపూర్వకముగా తెలుపవలెను. ఆ మనుష్యుడు దొంగయో కాడో అను సంగతి అతనిని ఎవరును అడుగరు. అది న్యాయాధిపతి తేల్చవలసినది. జామీనుదారు చెప్పునది ఒక్కటే: పిలిచినప్పుడు ఇతడు వచ్చును.

రానియెడల ఏమగును? బాండు జప్తు అయినదని కోర్టు వ్రాసికొని, మొత్తము చెల్లించుమనియో, ఎందుకు చెల్లింపనక్కరలేదో కారణము చూపుమనియో నోటీసు పంపును. కారణము చాలనియెడల ఆ మొత్తము జరిమానావలె వసూలగును. ఏ విధముగను వసూలు కానియెడల జామీనుదారుని ఆరు నెలలకు మించకుండ సివిల్ జైలులో నుంచుటకు వీలు కలదు. తగిన హేతువు వ్రాసి అందులో కొంత తగ్గించు అధికారమును న్యాయాధిపతికి ఉన్నది. బాండు జప్తు కాకమునుపే జామీనుదారు మరణించినయెడల అతని ఆస్తిమీద భారము నిలువదు. పిల్లలమీదికి అది దిగి రాదు. 1973వ సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండిన ఈ నియమములే, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 485 మొదలు 491 వరకు గల సెక్షనులలో నున్నవి.

వీటిలో ఒక నియమము నన్ను ఆలోచింపజేసినది. జామీనుదారు ఎప్పుడైనను కోర్టుకు పోయి, నన్ను ఈ పూచీనుండి విడిపించుడని కోరవచ్చును. అప్పుడు న్యాయాధిపతి ఆ మనుష్యుని రప్పించుటకు వారంటు ఇచ్చును. అతడు వచ్చిన తరువాత జామీనుదారు విడుదల పొందును. ఆ మనుష్యుడు వేరొక జామీను తేవలెను, తేలేనియెడల మరల జైలుకు పోవలెను. చట్టము ఈ ద్వారమును తెరచి యుంచుట న్యాయమే. అయినను, నేను విడిపింపబడుటయు అతడు బంధింపబడుటయు ఒకే కాగితములో జరుగు సందర్భములు లోకములో ఎన్ని యున్నవి!

ఇప్పుడు లేఖనమునకు వత్తము. సామెతల గ్రంథము ఆరు, పదునొకండు, పదునేడు, ఇరువది, ఇరువదిరెండు, ఇరువదియేడు అధ్యాయములలో పూటపడుటను గూర్చి హెచ్చరించుచున్నది. ఇన్ని మారులు చెప్పబడిన దానిని తేలికగా దాటరాదు. అక్కడ మాటలాడబడుచున్నది ముఖ్యముగా అప్పు; అది కూడ ముక్కు మొగము తెలియని పరుని అప్పు; ఆలోచింపక చేతిలో చెయ్యి వేసిన తొందరపాటు. ఇంటిలో పడుకొను పరుపును కూడ పోగొట్టుకొను మూర్ఖత్వమునుండి యౌవనస్థుని కాపాడుటకు తండ్రి చెప్పిన బుద్ధి అది. మన దేశములో చిట్టీలకును వడ్డీ వ్యాపారులకును హామీ సంతకములు చేసి ఇండ్లు పోగొట్టుకొనిన కుటుంబములను ఎరిగినవారు ఈ బుద్ధిమాటను పరిహసింపజాలరు.

అయితే అదే హెబ్రీ మాట యూదా నోట కూడ వచ్చినది. ఐగుప్తునకు బెన్యామీనును పంపుటకు యాకోబు ఒప్పుకొననప్పుడు, మొదట రూబేను ఒక హామీ ఇచ్చెను: తాను చిన్నవానిని తిరిగి తీసికొని రానియెడల తన ఇద్దరు కుమారులను చంపవచ్చునని. తండ్రి దానిని అంగీకరింపలేదు. పిమ్మట యూదా, నేనే అతనికి పూటపడుదును, నన్నే అడుగుము అనెను. తండ్రి అంగీకరించెను. రూబేను ఒడ్డినది ఇతరుల ప్రాణములు. యూదా ఒడ్డినది తన్నుతాను. భార్యతో ఒక మాటయైనను చెప్పక ఇంటి కాగితములు పట్టుకొని కోర్టుకు పోవు సహోదరుడు, తాను యూదా ననుకొనును గాని రూబేనే. పూటపడుటకు ముందు ఇంటిలో అడుగుట పిరికితనము కాదు. కాగితము ఇద్దరిది.

తర్జుమా పని చేయువాడను గనుక ఇక్కడ ఒక్క ప్రక్కమాట చెప్పుటకు పాఠకులు సెలవియ్యవలెను. పూటపడుట అని మన తెలుగు బైబిలులో ఉన్న హెబ్రీ క్రియయొక్క ధాతువునుండియే, ముప్పది యెనిమిదవ అధ్యాయములో యూదా తామారునొద్ద విడిచిన ముద్రకును దారమునకును కఱ్ఱకును వాడబడిన మాట పుట్టినది. మనవారు దానిని అక్కడ కుదువ అని వ్రాసిరి. ఆ మాటయే వర్తకులతోకూడ గ్రీకులోనికి ప్రయాణము చేసి, పౌలు పత్రికలలో ఆత్మను గూర్చి సంచకరువు అని మనము చదువు మాట అయినది. కుదువ, పూట, సంచకరువు: తెలుగులో మూడు, మూలములో ఒక్కటే వేరు. ఒకప్పుడు వస్తువులు కుదువబెట్టి, వాటిచేతనే బయలుపడిన మనుష్యుడు, ఐదు అధ్యాయములు గడిచిన తరువాత తానే కుదువయై నిలిచెను. ఐగుప్తులో గిన్నె బెన్యామీను గోనెలో దొరికినప్పుడు యూదా తమ్ముని నిర్దోషత్వమును వాదింపలేదని గమనించుడి. ఇతనికి బదులుగా నేను ఉండిపోవుదును, చిన్నవానిని పోనిమ్ము అనెను.

నేను సంతకము చేయని ఆ యౌవనస్థునికొరకు సంతకము చేసినది మా సంఘములోనే వెనుక బల్లమీద కూర్చుండు ఒక పెద్ద. కొలిమి విభాగములో ముప్పదియేండ్లు పనిచేసి విశ్రమించినవాడు. ఆయనకు ఊరి అంచున స్వంత స్థలము, దానికి శిస్తు రసీదు ఉండెను. రెండవ జామీనుదారుగా తన అల్లుని తీసికొని పోయెను. కాగితములన్నియు సరిచూడబడి ఆ పిల్లవాడు బయటికి వచ్చుసరికి, బెయిలు ఉత్తరువు వచ్చి రెండు నెలలు దాటెను.

ఆ పెద్ద చేసిన పని అంతటితో ముగియలేదు. ప్రతి వాయిదా దినమున ఉదయము ఆరు గంటలకు ఆయన ఆ పిల్లవాని తలుపు తట్టుచుండెను. ఇద్దరును కలిసి కోర్టుకు పోవుదురు, కలిసి తిరిగి వత్తురు. వాయిదా తారీఖులను ఆయన తన పాటల పుస్తకపు అట్ట లోపల పెన్సిలుతో వ్రాసికొనెను. ఆ కేసు నాలుగు సంవత్సరములు నడిచెను. ఒకసారి నేను, మీకింత శ్రమ ఎందుకని అడిగితిని. "సంతకం నాదే గానీ కాళ్లు వాడివి కదండీ. నా సంతకం నడవాలంటే వాడి కాళ్లతోనే నడవాలి" అని ఆయన చెప్పెను. నేను చదివిన గ్రంథములలో జామీనుదారు ధర్మమును గూర్చి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నాకు దొరకలేదు. తుదకు ఆ పిల్లవాడు నిర్దోషియని విడుదల పొందెను. అయితే అది ముఖ్యము కాదు. నేరము రుజువై యుండినను ఆ పెద్ద తన మాట నిలుపుకొనినవాడే యగును.

నా కథ వేరు. ఆ తరువాత కొన్ని సంవత్సరములకు, మొదటి తప్పును దిద్దుకొనవలెనను ఆతురతతో, ముఖపరిచయము మాత్రమేయున్న ఒక లారీ డ్రైవరుకొరకు ఇరువదివేల రూపాయల బాండుమీద సంతకము చేసితిని. చేసి, మంచి పని చేసితినను తృప్తితో ఇంటికి వచ్చితిని. అతని వాయిదా ఎప్పుడో నేను అడుగలేదు. అతడు పనికొరకు వేరొక రాష్ట్రమునకు పోయెను. రెండు వాయిదాలు తప్పిపోయెను. నోటీసు నా పేర వచ్చెను. న్యాయాధిపతి దయతో సగము తగ్గించిరి. మిగిలిన పదివేలు చెల్లించితిని. పిమ్మట అతడు పట్టుబడినప్పుడు తెలిసినదేమనగా, అతడు పారిపోలేదు. ఫోను నంబరు మారినది, తారీఖు అతనికి తెలియలేదు. నేను ఒక్కసారి అతని ఇంటికి పోయి యుండినయెడల అతడు మరల జైలు చూచి యుండడు. ఒకనికి సంతకము నిరాకరించుటచేతను, మరియొకనికి సంతకము మాత్రమే ఇచ్చుటచేతను ఇద్దరియెడల తప్పిన వాడను నేను. రెండవ తప్పు మొదటిదానికంటె చిన్నదని నేను చెప్పజాలను.

మన ఊరి సంగతి కొంత చెప్పవలసి యున్నది. 1907లో ఉక్కు కంపెనీ స్థాపింపబడిన నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము మొదలగు ప్రాంతములనుండి మనవారు ఇక్కడికి వలస వచ్చుచు వచ్చిరి. మూడు నాలుగు తరములు గడిచినను అనేకులకు ఇక్కడ తమ పేర సెంటు భూమి లేదు. కంపెనీ క్వార్టరు ఉద్యోగముతోనే పోవును. బస్తీలో స్వహస్తములతో కట్టుకొనిన ఇల్లున్నను పట్టా ఉండదు. టెక్కలి దగ్గర తాత నాటి చెక్క ఉండవచ్చును గాని, ఈ జిల్లా భూమి కావలెనన్న చోట అది లెక్కకు రాదు. కాబట్టి ఈ ఊరిలో జామీను ఉండగలిగినవారు కొద్దిమందియే. వారిని అడుగువారు చాలమంది.

ఇట్టి కష్టమును 1978లోనే సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యర్ గారు మోతీరామ్ అను తాపీ మేస్త్రీ కేసులో ఎత్తిచూపిరి. ఆ పేదవానిని పదివేల రూపాయల జామీను అడిగి, అతని అన్నదమ్ముడు పూటపడ వచ్చినప్పుడు వేరొక జిల్లావాడని మధ్యప్రదేశ్‌లోని మేజిస్ట్రేటు త్రోసివేసెను. తన ప్రాంతము విడిచి దూరమున పట్టుబడిన మలయాళీయో, తమిళుడో, తెలుగువాడో అచ్చట ఆస్తి గల జామీనును ఎక్కడనుండి తెచ్చునని ఆ తీర్పు ప్రశ్నించినది. వేయి రూపాయల సొంత ముచ్చలికమీద మోతీరామ్ విడుదలకు ఉత్తరువాయెను. మరుసటి సంవత్సరమే, 1979లో, బీహారు జైళ్లలోని విచారణ ఖైదీలను గూర్చి కె. ఎఫ్. రుస్తుంజీ గారు పత్రికలో వ్రాసిన వ్యాసములు చదివి, పుష్పా కపిలా హింగోరాణీ అను న్యాయవాది సుప్రీంకోర్టునకు పోయిరి. హుస్సైనారా ఖాతూన్ కేసు అని పేరు పొందినది అదే. నేరము రుజువైయుండినను పడదగిన శిక్షకంటె ఎక్కువ కాలము విచారణ లేకయే బంధకములలో గడిపినవారు వారిలో ఉండిరి. కుటుంబము, పని, ఇరుగుపొరుగు అను వేళ్లు ఊరిలో నాటుకొనిన పేదవానిని సొంత ముచ్చలికమీద విడువవచ్చునని న్యాయమూర్తి పి. ఎన్. భగవతి గారు చెప్పిరి. జంషెడ్‌పూర్ అప్పుడు బీహారులోని ఊరే.

మాటలు మంచివే, అయినను జిల్లా కోర్టు గుమ్మము దాటుటకు వాటికి చాలకాలము పట్టినది. 2015 మొదలు 2021 వరకు జార్ఖండ్ గవర్నరుగా నుండిన ద్రౌపదీ ముర్ము గారు, రాష్ట్రపతియైన పిమ్మట 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో న్యాయమూర్తుల యెదుటనే పేద ఖైదీలను గూర్చి మాటలాడిరి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు, బెయిలు వచ్చిన నెల లోపల జామీను ఇయ్యలేకపోయినవారి షరతులను కోర్టులు తామే మరల పరిశీలింపవచ్చుననియు, స్థానిక జామీనుకొరకు పట్టుపట్టుట విడుదలకు ఆటంకమగుచున్నదనియు తెలిపినది. ఆ సంవత్సరమే పేద ఖైదీల జామీను సొమ్మునకు సహాయము చేయు ప్రభుత్వ పథకము ఆరంభమైనది. 2024లో గిరీష్ గాంధీ కేసులో, అనేక కేసులలో చిక్కుకొనిన మనుష్యునికి ప్రతి కేసునకును వేర్వేరు జామీనుదారులు దొరకుట ఎంత కష్టమో గుర్తించి, ఒకే జామీనుదారులు పలు కేసులకు చాలునని తీర్పు వచ్చినది. పూటపడుమని మనుష్యుడు అడుగగలిగినది దగ్గర బంధువునో పాత స్నేహితునో మాత్రమేయని ఆ న్యాయమూర్తులు గ్రహించిరి.

ఆ ఇద్దరును లేనివాడు ఏమి చేయును? కోర్టుల యొద్ద కూలికి జామీను ఉండువారు దొరకుదురు. ఒకే శిస్తు రసీదును పది కేసులలో చూపువారు, దొంగ రసీదులు సృష్టించువారు ఉన్నారు. అమెరికాలో జామీను ఉండుట చట్టసమ్మతమైన వ్యాపారము. మన దేశములో అది చీకటి వ్యాపారము. ప్రమాణము చేసి అబద్ధమాడు ఆ కాగితముమీద కుమారుని విడిపించుకొనిన తల్లిని తీర్పు తీర్చుటకు నాకు నోరు రాదు. ఆమె మొదట మనయొద్దకు వచ్చి, ఊరకనే తిరిగి పోయి యుండవచ్చును.

క్రొత్త నిబంధనలో ఒక సంఘము జామీనుతో ఆరంభమైన సంగతి మనము తలంచినది తక్కువ. థెస్సలొనీకలో అల్లరి లేచినప్పుడు అధికారులు యాసోనునొద్దను మరికొందరియొద్దను జామీను తీసికొని విడిచిపెట్టిరి. ఆ రాత్రియే సహోదరులు పౌలును బెరయకు పంపివేసిరి. పౌలు మరల అక్కడికి వెళ్లగోరినను ఆటంకము కలిగినదని తరువాత వ్రాసెను. ఆ ఆటంకము ఈ జామీనే కావచ్చునని సర్ విలియం రామ్సే గారు ఊహించిరి. పౌలు తిరిగి వచ్చినయెడల యాసోను నష్టపడును. ఇది ఊహయే. నిజమైనయెడల, విడిపింపబడినవాడు తనకొరకు పూటపడినవానికి ఎంత ఋణపడియుండునో అందులో కానవచ్చుచున్నది. అపొస్తలుని పాదములు సహితము ఒక గృహస్థుని చేవ్రాలునకు లోబడి నిలిచిపోయినవి.

మన ప్రసంగికులలో కొందరు, క్రీస్తు మన బెయిలు కట్టెనని ఉపమానము చెప్పుదురు. అది సరియైనది కాదు. బెయిలు శిక్షకు చెల్లింపు కాదు. తీర్పునకు ముందు కాలమునకు సంబంధించిన వాగ్దానము. హెబ్రీ పత్రిక ఏడవ అధ్యాయములో పూటకాపు అని తర్జుమా చేయబడిన గ్రీకు మాట క్రొత్త నిబంధన అంతటిలో ఆ ఒక్క చోటనే యున్నది. ఆయన ఎవరి పక్షమున ఎవరికి పూటకాపు అనునది పాత వివాదము. మన పక్షమున దేవునికి అని పదునేడవ శతాబ్దమున జాన్ ఓవెన్ వాదించెను. దేవుని పక్షమున మనకు అని గ్రోషియస్ మొదలగువారు చెప్పిరి. పత్రికలోని సందర్భము వాగ్దానమును గూర్చినది గనుక నేను రెండవ వైపు మొగ్గుదును. దేవుడు తన మాట తప్పడనుటకు ఆ ప్రధానయాజకుడు నిరంతరము జీవించుచు విజ్ఞాపన చేయుటయే అచ్చట హామీ. అనగా అక్కడను పూటకాపు సంతకము చేసి వెళ్లిపోయినవాడు కాడు.

సీరాకు కుమారుని జ్ఞానగ్రంథము మన తెలుగు బైబిలులో లేదు గాని, అందులో ఇరువది తొమ్మిదవ అధ్యాయము ఈ విషయమున చదువదగినది. మంచివాడు పొరుగువానికి పూటపడుననియు, దానివలన అనేకులు నశించిరనియు, కాబట్టి నీ శక్తికొలది సహాయము చేయుచు నీవు పడిపోకుండ చూచుకొనుమనియు ఆ వృద్ధుడు ఒకే ఊపిరిలో చెప్పెను. శక్తికొలది అను మాటలో భూమి మాత్రమే కాదు, వాయిదాలకు పోవు తీరికయు చేరియున్నదని నేను నేర్చుకొంటిని. తెలియనివానికొరకు సంతకము చేయకుడి; అయితే తెలిసికొనుటకు అతని ఇంటికి పొండు. చేసిన తరువాత తారీఖు వ్రాసికొనుడి. సంఘమునకు నిధి యుండవచ్చును, ప్రభుత్వము సొమ్ము ఇయ్యవచ్చును. ఆరు గంటలకు తలుపు తట్టుట సొమ్మువలన కాదు.

ఈ మధ్య ఒక తర్జుమా సభలో, పూటకాపు అను మాట యౌవనస్థులకు తెలియుట లేదు గనుక జామీనుదారు అని మార్చవలెనని ఒకరు సూచించిరి. నేనింకను జవాబు వ్రాయలేదు. ఆ పాత మాటలోని కాపు, కావలి కాయు కాపే కావచ్చునని నాకు తోచుచున్నది. పండితులు ఒప్పుకొందురో లేదో.

ప్రస్తుతము ఒక యౌవనస్థునికొరకు నా పేర మరియొక బాండు ఉన్నది. అతడు మాంగోలో నివసించుచున్నాడు. గురువారము పదునొకండవ వాయిదా. ఉదయమున స్వర్ణరేఖ వంతెనమీద బండ్లు నిలిచిపోవును గనుక, ఐదున్నరకే బయలుదేరవలెను.